మట్టి వర్గీకరణ, 4వ పాఠం: నల్లరేగడి ఏ గుంపులోకి వస్తుంది?

గత పాఠంలో మట్టిని 75 మైక్రాన్ల జల్లెడ మీద కడిగాం. సగానికి మించి కిందికి దిగిపోతే అది సన్నమట్టి. ఇక దాని పేరు తేల్చడానికి జల్లెడతో పని లేదు. లిక్విడ్ లిమిట్ (మట్టి ముద్ద జారుడుగా మారే తేమ శాతం), ప్లాస్టిక్ లిమిట్ (ముద్ద సాగకుండా పగలడం మొదలయ్యే తేమ శాతం) అనే రెండు అంకెలతోనే, మట్టి వర్గీకరణకు భారతీయ ప్రమాణమైన ఐఎస్ 1498 ప్రకారం పేరు పెడతాం. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ వైపు దొరికే నల్లరేగడి దీనికి మంచి ఉదాహరణ.

మట్టిని నీడలో ఆరబెట్టండి, ఓవెన్‌లో పెట్టవద్దు. ఆ వేడికి బంకరేణువులు గడ్డకట్టి తిరిగి నీళ్లు సరిగా పీల్చుకోవు, లిక్విడ్ లిమిట్ తగ్గిపోతుంది. చెక్క సుత్తితో గడ్డలు చిదిపి, 425 మైక్రాన్ల జల్లెడ దిగిన మట్టి సుమారు 120 గ్రాములు తీసుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో ముద్ద చేసి మూతపెట్టి 24 గంటలు నానబెట్టండి. రేగడి విషయంలో ఎక్కువమంది తొందరపడేది ఇక్కడే. పైకి తడిసినట్టు కనిపించినా లోపల పొడిగానే ఉంటుంది.

లిక్విడ్ లిమిట్ కొలిచే కాసగ్రాండే పరికరంలో పిడి తిప్పితే లేచి పడే కప్పు సరిగ్గా 10 మి.మీ. ఎత్తు నుంచి పడాలి. ప్రతిసారీ కొలిచి సరిచేసుకోండి. ఎత్తు పెరిగితే గాడి తొందరగా మూసుకుని లిమిట్ తక్కువ చూపిస్తుంది. ముద్దను కప్పులో 10 మి.మీ. లోతుకు పరిచి, మధ్యలో గాడి తీసి, సెకనుకు రెండు దెబ్బల చొప్పున తిప్పండి. గాడి అడుగు 12 మి.మీ. పొడవున కలిసినప్పుడు దెబ్బలు రాసుకోండి. మట్టి సాగి కలవాలి. కప్పు మీద జారి కలిస్తే ఆ లెక్క వదిలేయండి. గట్టి ముద్దతో మొదలుపెట్టి, నీళ్లు కలుపుతూ పలచనకు వెళ్లాలి. ముద్ద పలచనైందని పొడిమట్టి కలపడం మాత్రం చేయవద్దు.

ఒక లెక్క చూద్దాం:

34 దెబ్బలకు తేమ 60.1 శాతం
28 దెబ్బలకు 61.3
20 దెబ్బలకు 63.4
16 దెబ్బలకు 64.7

దెబ్బలను లాగ్ స్కేలు మీద, తేమను మామూలు స్కేలు మీద వేసి సరళరేఖ గీయండి. 25 దెబ్బల దగ్గర 62 వస్తుంది. అదే లిక్విడ్ లిమిట్.

ప్లాస్టిక్ లిమిట్‌కు 8 గ్రాముల ఉండను గాజుపలక మీద వేళ్లతో దొర్లిస్తూ 3 మి.మీ. పోగు చేయండి. పగలకపోతే మళ్లీ పిసికి దొర్లించండి. సరిగ్గా 3 మి.మీ. దగ్గర పగిలినప్పటి తేమ మనకు కావాలి. ఈ నమూనాకు అది 27 అనుకుందాం. ఈ రెండు లిమిట్ల తేడాయే ప్లాస్టిసిటీ ఇండెక్స్: 62 − 27 = 35.

ఇప్పుడు బంకమట్టిని, ఒండ్రుమట్టిని (సిల్ట్) వేరుచేసే రేఖ, ఎ-లైన్: 0.73 × (లిక్విడ్ లిమిట్ − 20), అంటే 0.73 × (62 − 20) = 30.7. మన 35 దానికి పైన ఉంది, కాబట్టి బంకమట్టి, సి. లిక్విడ్ లిమిట్ 35 లోపు ఉంటే ఎల్ (తక్కువ), 35 నుంచి 50 వరకు ఐ (మధ్యస్థం), 50 దాటితే హెచ్ (ఎక్కువ). కాబట్టి ఇది సిహెచ్. రేఖకు కింద పడి ఉంటే ఎంహెచ్ అయ్యేది, ఎం అంటే సిల్ట్.

ఓవెన్‌లో ఎండబెట్టిన పొరపాటుతో ఇదే మట్టి లిక్విడ్ లిమిట్ 49 అని వస్తే, కాగితం మీద ఐ అయిపోతుంది. ఉబ్బే మట్టి మీద మామూలు పునాది పడుతుంది. అంకె 50కి అటూ ఇటూ ఉంటే పరీక్ష మళ్లీ చేయండి.

అభ్యాసం: లిక్విడ్ లిమిట్ 48, ప్లాస్టిక్ లిమిట్ 30. పేరు పెట్టి ఉంచండి. జవాబుతో 5వ పాఠం మొదలుపెట్టి, కిరోసిన్, నీళ్ల సీసాలతో మట్టి ఎంత ఉబ్బుతుందో చూసే ఫ్రీ స్వెల్ పరీక్షకు వెళదాం.