డీబీఏలో కదలిక, కాంటాక్ట్: తగాదా రాకుండా తేల్చుకోవడం ఎలా?

ప్రాచీన యుద్ధాలను చిన్న బొమ్మలతో ఆడే ఆటల్లో, ముఖ్యంగా 1990లో వెలువడిన డీబీఏ (డి బెల్లిస్ యాంటిక్విటాటిస్) అనే ఆటలో, తగాదాలు పాచిక దగ్గరకన్నా బేస్ (బొమ్మలు అతికించిన పలక) జరిపే చోటే ఎక్కువగా పుడతాయి. ఒక్కో సైన్యానికి 12 ఎలిమెంట్లే (ఒక బేస్, దాని మీది బొమ్మలు కలిపి ఒక ఎలిమెంట్) కనుక, ఒక్క ఎలిమెంట్ తాకిందా లేదా అన్నదానిమీదే ఆట మలుపు తిరగవచ్చు. అందుచేత దేన్ని ఎవరి మీదికి నడుపుతున్నారో ముందే చెప్పి, కొలిచి, ఎదుటివారు సరేనన్నాకే బేస్ ఎత్తండి. ఎత్తేశాక పాత స్థానం గురించి వాదించి ప్రయోజనం ఉండదు.

పాచికలో ఎంత పడితే అన్ని కదలికలు దక్కుతాయి. కలిసి నిలిచిన గ్రూప్ మొత్తాన్ని నడిపినా అది ఒక్క కదలికే. దూరాన్ని ఎక్కువగా కదిలిన ముందు మూలనుంచి కొలవాలి. గ్రూప్ పక్కకు తిరిగేటప్పుడు చాలామంది లోపలి మూలను చూసి మోసపోతారు. 40 మిల్లీమీటర్ల బేస్‌లు మూడు పక్కపక్కన ఉన్న ఈటెల గ్రూప్ 30 డిగ్రీలు తిరిగితే, బయటి మూల 60 మిల్లీమీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. నియమాల మూడవ కూర్పు ప్రకారం వారి నడక రెండు బేస్ వెడల్పులు, అంటే 80 మిల్లీమీటర్లే గనుక, ఇక మిగిలేది 20 లోపే.

తరువాత చూడవలసింది థ్రెట్ జోన్. శత్రు ఎలిమెంట్ ముందు ఒక బేస్ వెడల్పు లోతున ఉండే ఈ మేరలోకి వచ్చినవారు ఆ శత్రువుకు ఎదురుగా సర్దుకోవచ్చు, దాని మీదికి వెళ్లవచ్చు, లేదా నేరుగా వెనక్కు తగ్గవచ్చు. పక్కనుంచి జారుకుని మరొకరి మీద పడతామంటే కుదరదు.

అసలు చిక్కు కాంటాక్ట్‌దే. బేస్‌లు ఎక్కడో ఒకచోట తగిలితే చాలదు: ఎదురుదాడిలో ముందంచుకు ముందంచు, మూలకు మూల కలవాలి, పక్కదాడిలో మన ముందంచు వారి పక్కంచుకు ఆని, ముందు మూలలు కలిసి ఉండాలి. పక్కనుంచి దెబ్బతిన్న ఎలిమెంట్‌కు ముందువైపు పోరు లేకపోతే కదలికలు ముగిశాక అది దాడి వైపు తిరుగుతుంది. ముందువైపు ఇప్పటికే పోరు ఉంటే తిరగదు, ఆపైన పోరు లెక్కలో ఒక పాయింటు నష్టపోతుంది. ఆ స్థితిలో వెనక్కు తగ్గవలసి వస్తే నాశనమే. పక్కదాడి కోసం ఆటగాళ్లు ఒక్కో మిల్లీమీటరుకు పోట్లాడేది ఇందుకే, ఆ పోట్లాట న్యాయమైనదే కూడా.

బొమ్మల చేతుల్లోని ఈటెలు బేస్ దాటి పొడుచుకు వచ్చి అంచులను కలవనివ్వకపోవడం మామూలే. లెక్కలోకి వచ్చేది బేస్ అంచే తప్ప ఈటె మొన కాదు గనుక, బేస్‌లు ఆనినట్టేనని ఇద్దరూ పైకి అనుకుని, కావాలంటే రెండింటి మధ్య చిన్న గుర్తు పెట్టి, పోరు పాచిక వేయండి.