మీట పెన్ను సిరా పీల్చకపోతే: లక్షణం, కారణం, మరమ్మతు

పక్కనున్న మీట ఎత్తి దించినా సిరా ఎక్కని పాత పెన్ను చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, లోపల సిరా నిలిచే రబ్బరు సంచిని కొత్తది కొనడం. అంతకు ముందు ఒక గ్లాసు నీళ్లతో చేయవలసిన పరీక్ష ఉంది. రెండు నిమిషాలు పట్టే ఆ పరీక్షను దాటవేసి, చెడిపోని భాగాన్ని మార్చి, పెన్ను ఇంకా పనిచేయడం లేదంటూ తెచ్చేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది.

నేను ముఖ్యంగా ఎస్టర్‌బ్రుక్ అనే అమెరికా కంపెనీ జె రకం పెన్నును దృష్టిలో పెట్టుకొని చెబుతున్నాను. అయితే అమెరికాలోని ఫోర్ట్ మాడిసన్‌లో నగల వ్యాపారం చేసిన వాల్టర్ షీఫర్ 1908లో పేటెంటు పొందిన మీట పద్ధతిలో నడిచే పెన్నులన్నింటికీ ఇందులో చాలా భాగం వర్తిస్తుంది. రాజమండ్రి ఎబొనైట్ పెన్నుల్లో ఫిల్లరుతో సిరా పోసుకోవడానికి అలవాటుపడినవారికి లోపల సంచి ఒకటి ఉంటుందన్న సంగతే కొత్తగా అనిపించవచ్చు. మీట ఎత్తితే లోపలి రేకు సంచిని నొక్కుతుంది, గాలి పాళీ గుండా బయటికి పోతుంది. మీట దించితే సంచి మళ్లీ ఉబ్బుతూ సిరాను పీల్చుకుంటుంది.

మొదటి పరీక్ష

పాళీ పూర్తిగా, దాని పై అంచు వరకూ నీళ్లలో మునగాలి. మీట ఎత్తినప్పుడు బుడగలు రావాలి. దించిన తరువాత పది సెకన్లు పెన్నును నీళ్లలోనే ఉంచాలి. సంచి ఉబ్బడానికి ఆ వ్యవధి కావాలి. తొందరపడి తీస్తే పెన్ను గాలి పీల్చుకుంటుంది, మనం సంచిని నిందిస్తాము. తరువాత మీట నెమ్మదిగా ఎత్తి చుక్కలు లెక్కపెట్టాలి. నా అనుభవంలో నిండిన పెన్ను పదిహేను నుంచి ఇరవై చుక్కలు వదులుతుంది.

మీట అసలు కదలకపోతే అక్కడే ఆగిపోవాలి. లోపలి సంచి గట్టిపడి పెంకులా మారిందని అర్థం. బలవంతం చేస్తే మీటో, మీట అమరిన చోట పెన్ను గొట్టమో విరుగుతుంది. మీట తేలికగా కదిలినా ఒక్క బుడగ రాకపోతే సంచి చిరిగి ఉంటుంది, లేదా ఎండిన సిరాతో పాళీ పూడుకుపోయి ఉంటుంది. పాళీని మర తిప్పి తీసి, రాత్రంతా నీళ్లలో నానబెట్టి మళ్లీ చూస్తే ఈ రెండింటిలో ఏదో తేలిపోతుంది.

కొత్త సంచి వేసినా నాలుగైదు చుక్కలే ఎక్కుతుంటే

నన్ను ఎక్కువగా మోసగించిన లక్షణం ఇదే. బుడగలు వస్తాయి, ఎక్కడా కారదు, మీట చక్కగా వెనక్కి వాలుతుంది, కానీ అర పేజీ రాసేలోగా సిరా అయిపోతుంది. ఒక పెన్నుకు నేను రెండుసార్లు సంచి మార్చాను, పాళీ కూడా మార్చాను. దోషం గొట్టం లోపలి గోడది.

పాత సంచి గట్టిపడినప్పుడు దాని ముక్కలు గొట్టం గోడకు, ముఖ్యంగా రేకు వెనుక, అంటుకుపోతాయి. పెన్నును బోర్లించి తడితే రాలినంత రాలుతాయి, మిగిలినవి మాడు అడుగులా పట్టుకొనే ఉంటాయి. ఆ గరుకు గొట్టంలోకి కొత్త సంచిని దింపి, పాళీ ఉండే ముందు భాగాన్ని బిగువుగా ఉందని తిప్పుతూ నొక్కుతాము. అందరి చేతికీ ఆ అలవాటే ఉంటుంది. సంచి చివర గోడకు పట్టుకొని కదలదు, ముందు భాగంలో సంచిని తొడిగిన మెడ మాత్రం తిరుగుతుంది, తడిబట్టను పిండినట్లు సంచి మెలిపడుతుంది. మెలికకు ముందున్న కొద్ది భాగమే నిండుతుంది, మిగిలినదంతా వృథా. పైగా మెలిపడిన రబ్బరు అక్కడే త్వరగా చీలుతుంది.

ఇది గుర్తించడానికి సంచిని గొట్టంలో పెట్టకుండా, బయటే వేళ్లతో నొక్కి నీళ్లు పీల్పించాలి. బయట పూర్తిగా నిండి, లోపల పెట్టాక నిండకపోతే సంచికి ఏ దోషమూ లేదు. దానిమీద సన్నగా మెలితిరిగిన గీత కనిపిస్తే ఇక సందేహించనక్కరలేదు.

మరమ్మతు ఓపికతో చేయాలి. ముందు భాగాన్ని తీయడానికి హెయిర్ డ్రయర్‌తో, చేతికి భరించగలిగినంత వేడికి మించకుండా వెచ్చబెట్టి, అటూ ఇటూ నెమ్మదిగా ఊపుతూ లాగాలి. పాత పెన్నుల్లో చాలావాటి గొట్టాలు సెల్యులాయిడ్‌వి, ఇట్టే అంటుకుంటాయి కాబట్టి మంట దగ్గరికి తీసుకుపోకూడదు. రేకును సన్నమూతి పటకారుతో బయటికి తీసి, గొట్టంలోకి టార్చి వేసి చూస్తూ, మొన గుండ్రంగా అరగదీసిన వెదురుపుల్లతో గోడ నున్నగా తగిలేదాకా గీకాలి. లోహపు పనిముట్టు, స్పిరిటు గొట్టం లోపలికి పోకూడదు.

జె రకానికి 16వ నంబరు సంచి సరిపోతుంది. ఆ నంబరు అంగుళంలో 64వ వంతులను తెలుపుతుంది కాబట్టి వ్యాసం పావు అంగుళం. గొట్టం అడుగుకు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఆగేలా కత్తిరించి, మెడకు లక్క ద్రావణం పూసి తొడిగి, రాత్రంతా ఆరనివ్వాలి. వడ్రంగులు పాలిష్‌కు స్పిరిటులో కరిగించే లక్కే ఇది. సూపర్ గ్లూ వాడితే తరువాత సంచి మార్చేవారు ముందు భాగాన్నే పగలగొట్టవలసి వస్తుంది. సంచికి సువాసన కలపని టాల్కు పొడి పూసి, రేకును మీటకు సూటిగా అమర్చి, ముందు భాగాన్ని తిప్పకుండా తిన్నగా నొక్కాలి. తిప్పకుండా దిగడం లేదంటే మళ్లీ కొద్దిగా వెచ్చబెట్టాలి.

గోడ నున్నగా ఉన్నా నిండకపోతే రేకు పక్కకు జరిగిందేమో చూడాలి. సంచి తొడిగే మెడకు సన్నని చీలిక, మీట ఇరుసు విరగడం వంటివి నాకు చాలా అరుదుగా ఎదురయ్యాయి. అవి ఇంట్లో బాగుచేసుకొనే పనులు కావు, మరమ్మతు తెలిసినవారికి ఇవ్వాలి.