కారుకి మెరుపు, 4వ పాఠం: వ్యాక్సా, సీలెంటా?

మూడో పాఠం చివర్లో ఒక వాక్యం రాశాను. "పాలిష్ అయ్యాక ఏదైనా మంచి వ్యాక్స్ పట్టించి, ఆరాక తుడిచేయండి" అని. ఆ ఒక్క వాక్యం చాలామంది ఆదివారాలు పాడుచేసింది. నెల రోజులుగా మీరు పంపిన ఫొటోలన్నీ చూశాను. బోనెట్ మీద తెల్లటి చారలు, నల్ల ప్లాస్టిక్ మీద సున్నం చిందినట్టు మరకలు, ఎండలో ఏటవాలుగా చూస్తే సాలెగూడులా కనిపించే సన్న గీతలు. ఇందులో మీ తప్పు లేదు. "ఆరాక" అంటే ఎప్పుడో నేను చెప్పలేదు. ఎక్కడ నిలబెట్టి రాయాలో చెప్పలేదు. ఎంత రాయాలో అసలే చెప్పలేదు. కాబట్టి వ్యాక్స్ డబ్బా కొనాలా, సీలెంట్ డబ్బా కొనాలా (రెండూ పెయింటుని కాపాడటానికి పైన రాసే పూతలే) అన్న సంగతి కాసేపు ఆగాలి, ముందు ఆ మరకలు వదిలించుకుందాం.

ఎండలో రాసి, టిఫిన్ చేసి వచ్చేసరికి పెచ్చుకట్టిందని రాసినవాళ్లే ఎక్కువ. దాన్ని బలంగా రుద్దకండి. పెట్రోలు, థిన్నర్ జోలికి పోనే పోవద్దు. బండిని నీడలోకి తెచ్చి, బోనెట్ మీద అరచెయ్యి ఆనిస్తే చల్లగా తగిలేదాకా ఆగండి. తర్వాత అదే వ్యాక్స్‌ని ఆ పెచ్చు మీదే ఒక అడుగు మేర పల్చగా రాసి, ఆరనివ్వకుండా వెంటనే తుడవండి. కొత్త వ్యాక్స్‌లో ఉండే ద్రావకం పాతదాన్ని మెత్తబరుస్తుంది. అడుగు అడుగు చొప్పున వెళ్తే బోనెట్ మొత్తం అరగంట పని.

నల్ల ప్లాస్టిక్ మీది తెల్ల మరకకి పిల్లల కంపాస్ బాక్సులో ఉండే తెల్ల రబ్బరు తీసుకుని పొడిగానే రుద్దండి. చాలావరకు వచ్చేస్తుంది. గరుకు ప్లాస్టిక్ గుంతల్లో మిగిలింది షాంపూ నీళ్లతో, మెత్తటి పాత టూత్‌బ్రష్‌తో పోతుంది. ఈసారి నుంచి అద్దాల చుట్టూ ఉన్న రబ్బరు పట్టీకి (బీడింగుకి), బంపర్ నలుపు భాగానికి మాస్కింగ్ టేపు అంటించాకే డబ్బా మూత తీయండి.

సాలెగూడు గీతలు గుడ్డ వల్ల వచ్చినవి. పాత బనియన్, లుంగీ ముక్క మెత్తగా ఉన్నట్టే ఉంటాయి, కానీ దుమ్ము రేణువుని లోపలికి లాక్కోవు, పెయింటు మీదే ఈడుస్తాయి. 300 నుంచి 400 జీఎస్ఎమ్ (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములో చెప్పే లెక్క) మైక్రోఫైబర్ గుడ్డలు మూడు కొనుక్కోండి. అంచున ఉన్న లేబుల్ కత్తిరించేయండి, అది కూడా గీస్తుంది. గుడ్డ ఒక్కసారి నేల మీద పడితే ఇక చక్రాలకే తప్ప పెయింటుకి పనికిరాదు. పడ్డ గీతలు పోవాలంటే పైపొరని సన్నగా అరగదీసే మూడో పాఠంలోని పాలిషే మళ్లీ చెయ్యాలి. వ్యాక్స్ వాటిని కొన్నాళ్లు కప్పిపెడుతుందంతే. రోడ్డు పక్క షెడ్లలో గంటలో చేసిచ్చే మెరుపు పది రోజులకి దిగిపోయి పాత గీతలన్నీ మళ్లీ కనబడేది ఇందుకే.

ఇక "ఆరాక" అంటే ఎప్పుడు? వేలితో ఒక గీత గీయండి. గీసినచోట పెయింటు శుభ్రంగా మెరిస్తే తుడవొచ్చు. జిడ్డుగా అలుక్కుంటే ఇంకాసేపు ఆగాలి. ఎండాకాలం వడగాలి రోజుల్లో మూడు నాలుగు నిమిషాలకే ఆరిపోతుంది, వానాకాలంలో ఇరవై నిమిషాలైనా పట్టొచ్చు. గడియారాన్ని కాదు, వేలిని నమ్మండి.

ఇప్పుడు నన్ను నిజంగా బాధపెట్టే విషయానికి వస్తాను. ఎక్కువ రాస్తే ఎక్కువ కాపాడుతుందనే నమ్మకం.

కంపెనీ పెయింటు మీద పైపొరగా ఉండే క్లియర్ కోట్ (రంగు లేని పారదర్శక పొర) మందం సుమారు 40-50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. మన తలవెంట్రుక అంతకంటే లావు. దాని మీద చివరికి మిగిలే వ్యాక్స్ పొర ఒక మైక్రాన్ కూడా ఉండదు. మీరు వేలెడు మందం పూసినా మిగిలేది అంతే. పెయింటుని తాకిన పొర అంటుకుంటుంది, దాని పైనున్నదంతా గుడ్డలోకి పోతుంది. డబ్బులు పోతే పోనీ అనుకోవచ్చు. కానీ మందంగా రాసినప్పుడు పైభాగం ముందే ఆరి మీగడలా కట్టుకుంటుంది, లోపలి ద్రావకం బయటికి పోలేక తడిగానే ఉంటుంది. తుడిస్తే పైన పొడి రాలుతుంది, కింద జిడ్డు అలుక్కుంటుంది. అది పోవడానికి గట్టిగా రుద్దుతారు. గట్టిగా రుద్దితే గీతలు. మీరు పంపిన ఫొటోల్లో సగం కథ ఇదే.

దోసె పెనం గుర్తు తెచ్చుకోండి. సగానికి కోసిన ఉల్లిపాయని నూనెలో ముంచి పెనమంతా ఒక్కసారి తిప్పుతాం. నూనె ఉందా లేదా అన్నంత పల్చగా ఉంటుంది, అట్టు మాత్రం చక్కగా లేస్తుంది. అదే గరిటెడు నూనె పోస్తే పిండి నిలవదు, జారిపోతుంది. వ్యాక్స్‌కి ఉల్లిపాయ లెక్కే. ఫోమ్ ప్యాడ్‌ని డబ్బాలో ఒక్కసారి తిప్పితే సగం బోనెట్‌కి రావాలి. రాసిన చోటు పక్కనుంచి చూస్తే అద్దం మీద నోటితో ఊదినప్పటి ఆవిరిలా కనిపించాలి. తెల్లగా కనిపించిందంటే ఎక్కువైనట్టే. ద్రవరూప సీలెంట్ అయితే మామూలు సెడాన్‌కి 25-30 మిల్లీలీటర్లు చాలు. 200 గ్రాముల పేస్టు డబ్బా నాకు రెండేళ్ల పైనే వస్తుంది.

పన్నెండేళ్ల కిందట మా బావగారి నల్ల కారుకి పెళ్లికి వెళ్లే ముందురోజు నేనే రాశాను. మే నెల, పదకొండు గంటలు, మందంగా, డబ్బా పావు వంతు ఖాళీ. మర్నాడు పెళ్లి పందిరి దగ్గర ఆపితే తలుపుల సందుల్లో, నంబరు ప్లేటు అంచుల్లో, కంపెనీ పేరు అక్షరాల మధ్యలో తెల్ల పొడి. బోనెట్ మీద నా చెయ్యి తిరిగిన వలయాలు. ఆయన ఒక్క మాట అనలేదు. ఆ బండిని మళ్లీ దారిలో పెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది. అందుకే ఈ విషయం ఇంత సాగదీసి చెబుతున్నాను.

సరే, డబ్బాల సంగతి. వ్యాక్స్ అంటే ఎక్కువగా కార్నోబా. ఈశాన్య బ్రెజిల్‌లో, పియాయి, సియరా లాంటి రాష్ట్రాల్లో పెరిగే ఒక తాటిజాతి చెట్టు ఆకుల మీది మైనం ఇది. అక్కడి ఎండకి ఆకులోని నీరు ఆవిరైపోకుండా చెట్టు తనకి తాను కప్పుకునే పొర. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపితే పొడిగా రాలుతుంది. కరగాలంటే 82 నుంచి 86 డిగ్రీల వేడి కావాలి. తేనెమైనం 62-64 దగ్గరే కరుగుతుంది. కార్నోబా ముద్ద చేత్తో రాయలేనంత గట్టిగా ఉంటుంది, విరిస్తే పెళుసుగా ముక్కలవుతుంది. అందుకే ద్రావకాలు, నూనెలు, వేరే మైనాలు కలిపి మెత్తగా చేస్తారు. డబ్బా మీద "100 శాతం" అని ఉంటే అందులో కలిపిన కార్నోబా స్వచ్ఛమైనదని అర్థం, డబ్బా నిండా కార్నోబాయే అని కాదు. మెత్తబరిచిన ఆ మిశ్రమం అసలు కార్నోబా కంటే ముందే వేడికి లొంగుతుంది. మన ఎండల్లో బయట నిలిపిన కారు మీద నాలుగు నుంచి ఆరు వారాలకి మించి నేను చూడలేదు.

సీలెంట్ అంటే ఫ్యాక్టరీలో తయారైన పాలిమర్, ప్లాస్టిక్ జాతి కృత్రిమ పదార్థం. రాశాక పెయింటుని పట్టుకుని గట్టిపడుతుంది, దానికి 12 నుంచి 24 గంటలు నీళ్లు తగలకూడదు. నీడలో ఉండే కారు మీద నాలుగైదు నెలలు, బయట ఉండేదాని మీద మూడు నెలలు నిలుస్తుంది.

ఏది కొనాలో కారు నిలిచే చోటు చెబుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో నిలిచే నలుపు, మెరూన్, ముదురు నీలం బండి అయితే కార్నోబా కొనండి. ఆ రంగుల్లో అది తెచ్చే లోతు, తడిసినట్టుండే నిగారింపు సీలెంట్‌తో రాదని నా అభిప్రాయం. రెండు నెలలకోసారి రాసే ఓపిక ఉండాలి. తెల్ల కారు, వెండి రంగు కారు, రోజూ ఆఫీసు బయట ఎండలో నిలిచే కారు, క్యాబ్ అయితే కళ్లు మూసుకుని సీలెంట్. తెలుపు మీద కార్నోబా లోతు కంటికి తెలియదు. విశాఖలో సముద్రం వైపు ఉండేవాళ్లకీ సీలెంటే. అయితే పెయింటు లేచిపోయిన చోట తుప్పుని ఇవేవీ ఆపవు, అక్కడ ముందు టచప్ పెయింటు వేయించాలి. మ్యాట్ ఫినిష్ కారుకి రెండూ వద్దు, మచ్చలు మచ్చలుగా మెరుస్తుంది. డెంటింగ్ చేయించి కొత్తగా పెయింటు వేయించిన భాగానికి కనీసం నెల రోజులు ఏదీ రాయకండి, పెయింటరు ఇంకా ఆగమంటే ఆగండి. షెడ్డులో 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టిన పెయింటులోంచి ద్రావకం ఇంకా బయటికి పోతూ ఉంటుంది. కంపెనీలో 140 డిగ్రీల దగ్గర కాల్చి వచ్చిన కొత్త కారుకి ఆ ఇబ్బంది లేదు.

రెండూ రాయొచ్చా అని చాలామంది అడిగారు. రాయొచ్చు. ముందు సీలెంట్, ఒక రోజు ఆగి పైన వ్యాక్స్. తలకిందులు చేస్తే సీలెంట్‌కి పట్టుకోవడానికి పెయింటు దొరకదు, మైనం మీద జారుతుంది. పాలిష్‌లోని నూనె మిగిలినా ఇదే గతి. కాబట్టి పాలిష్ అయ్యాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక వంతుకి డిస్టిల్డ్ నీళ్లు నాలుగు వంతులు కలిపి ఒకసారి తుడవండి. "క్లీనర్ వ్యాక్స్" అని రాసి ఉన్న డబ్బాని మాత్రం సీలెంట్ మీద వాడకండి. అందులో గరుకు పొడి ఉంటుంది, కింది పొరని ఊడ్చేస్తుంది.

నీళ్లు ముత్యాల్లా నిలుస్తున్నాయంటే పొర బాగున్నట్టే అని సంబరపడకండి. బోరు నీళ్లయితే ఆ ముత్యం ఆరినచోట తెల్లటి ఉంగరం మిగులుతుంది, నాలుగు ఎండలు తగిలితే అది క్లియర్ కోట్‌ని తినేస్తుంది. ముత్యాలు కనబడకపోతే పొర పోయిందనీ కాదు. దుమ్ముపొర పేరుకుంటే కూడా నీళ్లు ముత్యాలు కట్టవు, షాంపూతో బాగా కడిగి మళ్లీ చూడండి. నీళ్లు వృథా చెయ్యకూడదని ఆర్ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లతో కారు కడుగుతున్నామని ముగ్గురు రాశారు. ఉద్దేశం మంచిదే, కానీ లవణాలన్నీ చేరేది ఆ నీళ్లలోనే. వాటితో ఇల్లు తుడవండి. కారుకి ఏసీ గొట్టం కింద బకెట్ పెట్టండి. ఆ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు. బోరు నీళ్లతో కడిగినా ఆఖరి బకెట్ ఏసీ నీళ్లతో పోసి, వెంటనే గుడ్డతో అద్దడం నాకు పదేళ్ల అలవాటు. వ్యాక్స్ కంటే ఈ బకెట్టే మా బండిని ఎక్కువ కాపాడింది.

దసరా దగ్గర పడుతోంది కాబట్టి ఒక మాట. కొత్త బండిని బెజవాడ కనకదుర్గమ్మ గుడికి తీసుకెళ్లేవాళ్లయినా, ఇంట్లో ఆయుధపూజ చేసుకునేవాళ్లయినా వారం ముందే సీలెంట్ రాసేయండి. పసుపు, గంధం బొట్లు ఆ సాయంత్రమే తడిగుడ్డతో వచ్చేస్తాయి. తెల్ల కారు మీద పసుపు ఛాయ మిగిలినా కంగారు వద్దు, ఎండకి నాలుగైదు రోజుల్లో తగ్గిపోతుంది. రంగు కలిపిన కుంకుమ అలా పోదు, దాన్ని రాత్రి ఉంచకండి. బంతిపూల దండ కట్టి బండి నడిపితే దారం, తీగ బోనెట్ మీద రాసుకుంటూనే ఉంటాయి. గుడి దగ్గర కట్టండి, బయల్దేరేముందు విప్పండి.

అభ్యాసం

ఇది పది వారాల పని, ఓపిక ఉన్నవాళ్లే మొదలుపెట్టండి. బోనెట్‌ని కడిగి, ఆల్కహాల్ నీళ్లతో తుడిచి, మాస్కింగ్ టేపుతో నాలుగు గళ్లు చేయండి. మొదటిది ఖాళీగా వదిలేయండి. రెండోదానికి వ్యాక్స్, మూడోదానికి సీలెంట్, నాలుగోదానికి సీలెంట్ రాసి మర్నాడు వ్యాక్స్. టేపు తీసేసి, ఏ గడి ఏదో బొమ్మ గీసి నోటుబుక్కులో అంటించండి. బండి రోజూ నిలిచేచోటే నిలపండి. ప్రతి ఆదివారం అదే నీళ్లు, అదే షాంపూ. కడిగాక ఒక్కో గడి మీద చెంబుతో నీళ్లు పోసి ఎన్ని సెకన్లలో జారిపోయాయో రాయండి. రాత్రి పూట ఫోన్ టార్చి ఏటవాలుగా పట్టి నాలుగు గళ్లకీ విడివిడిగా ఫొటో తీయండి. మధ్యలో వాన పడినా, పక్షి రెట్ట వేసినా, ఏ గడి మీద పడిందో, ఎంతసేపటికి తుడిచారో కూడా రాయాలి. ఐదో పాఠం సిరామిక్ కోటింగ్ గురించి. ఆ పుస్తకం పక్కన పెట్టుకునే చదవండి, అందులో మీరు రాసుకున్న అంకెల మీదే లెక్క చేయిస్తాను.