నెట్ ఆపేస్తే ముందు ఆర్డర్ కాపీ అడగండి

అమలాపురం దగ్గర ఒక ఊళ్లో నాకు చిన్న జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్ ఉంది. 2022 మే 24న కోనసీమ జిల్లా పేరు మార్పు మీద గొడవలై మంత్రిగారి ఇల్లు, ఎమ్మెల్యేగారి ఇల్లు తగలబెట్టారు. దాంతో మాకు మొబైల్ నెట్ పోయింది. వారం దాటినా రాలేదు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలు సిగ్నల్ కోసం లాప్‌టాప్‌లు పట్టుకుని గోదావరి గట్టుకు వెళ్లి కూర్చున్నారు. మా వీధి మామ్మగారు రోజూ వచ్చి, "బాబూ, కువైట్ నుంచి అమ్మాయి వాట్సాప్ కాల్ రావట్లేదు, నీ దగ్గరేమైనా కలుస్తుందా?" అనేవారు. "లేదండీ మామ్మగారూ" అనడం తప్ప నేను చేయగలిగిందేమీ లేకపోయింది.

ఇళ్లు తగలబడుతున్న రోజు పుకార్లు ఆపడానికి నెట్ కట్టేస్తే నాకు అభ్యంతరం లేదు. ఎవరు కట్టేశారు, ఎన్ని రోజులకు, ఏ ఆర్డర్ మీద అన్నది మాత్రం మనకు తెలియాలి. అది ఎలా తెలుసుకోవాలో నేను తప్పులు చేసి నేర్చుకున్నాను.

నెట్ పోయిన వెంటనే తేదీ, టైము ఒక నోట్‌బుక్‌లో రాయండి. మొబైల్ డేటా ఒక్కటే పోయిందా, ఇంటికొచ్చే కేబుల్ నెట్ కూడా పోయిందా చూడండి. ప్రభుత్వ ఆదేశాల వల్ల సేవలు ఆపామని సిమ్ కంపెనీ ఎస్ఎంఎస్ పంపితే దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. వ్యాపారం పోతే రోజువారీ లెక్క కూడా రాయండి. తర్వాత గుర్తు చేసుకుని రాస్తే ఎవరూ నమ్మరు.

ఇక ఆర్డర్. ఇప్పుడు నడుస్తున్నవి 2023 టెలికాం చట్టం కింద 2024 నవంబర్‌లో వచ్చిన నిబంధనలు. మా గొడవప్పుడు 2017 నాటివి ఉండేవి. రెండింటిలోనూ అసలు సంగతి ఒకటే: రాష్ట్రంలో నెట్ ఆపే అధికారం హోం శాఖ కార్యదర్శిది. తప్పనిసరి పరిస్థితిలో, ముందుగా అధికారం ఇచ్చి ఉంటే, జాయింట్ సెక్రటరీ హోదాకు తగ్గని అధికారి సంతకం చేయవచ్చు. దాన్ని 24 గంటల్లో కార్యదర్శి ఖరారు చేయకపోతే అది చెల్లదు. కాబట్టి "కలెక్టర్ గారు చెప్పారు", "ఎస్పీ గారు ఆపమన్నారు" అని ఎవరైనా అంటే అక్కడితో ఆగిపోకండి. వాళ్లు ఆర్డర్‌ను అందజేసేవాళ్లు కావచ్చు, ఇచ్చేవాళ్లు కారు.

కాపీ చేతికొస్తే కారణం రాశారా, ఏ ప్రాంతానికి, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అన్నవి చూడండి. ఒక ఆర్డర్ 15 రోజులు దాటకూడదు. చీఫ్ సెక్రటరీ అధ్యక్షతన ఉండే రివ్యూ కమిటీ ఐదు రోజుల్లో దాన్ని పరిశీలించాలి. ఆర్డర్‌ను బయటపెట్టాలని సుప్రీంకోర్టు 2020 జనవరి 10న అనురాధా భాసిన్ కేసులో చెప్పింది. అది కాశ్మీర్‌లో నెట్ ఆపడం మీద వేసిన కేసు. గడువు లేకుండా నెట్ ఆపడం కుదరదని కూడా అందులోనే ఉంది. ఆ తీర్పు వచ్చాక కూడా కాశ్మీర్‌కు 4జీ రావడానికి 2021 ఫిబ్రవరి దాకా పట్టింది, అది వేరే సంగతి.

కాపీ దొరకకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నేను తప్పు చేసింది ఇక్కడే. "మా ఊళ్లో నెట్ ఎందుకు ఆపారు?" అని కోపంగా రాసి పంపాను. దాన్ని అందుకున్న ఆఫీసు వాళ్లు ప్రశ్నలకు జవాబులివ్వడం తమ పని కాదని తిప్పి పంపారు. ఒక రకంగా వాళ్లదీ నిజమే, ఈ చట్టం కింద మనకొచ్చేది ఫైల్లో ఉన్న కాగితమే. ఇలా రాయాలి: "ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు ఫలానా జిల్లాలో ఇంటర్నెట్ నిలిపివేతకు ఇచ్చిన ఉత్తర్వులన్నింటి నకళ్లు, వాటిపై రివ్యూ కమిటీ సమావేశాల తేదీలు, నిర్ణయాల నకళ్లు ఇవ్వగలరు." పైన రాష్ట్ర సచివాలయం, హోం శాఖ పౌర సమాచార అధికారి అని రాయండి. ఫీజు 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లు రుజువు జతచేస్తే అదీ అక్కర్లేదు. స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచండి.

30 రోజుల్లో జవాబు రాకపోయినా, భద్రత పేరు చెప్పి ఇవ్వడం కుదరదన్నా, ఆ తర్వాత 30 రోజుల్లోపు అదే శాఖలో పై అధికారికి మొదటి అప్పీలు వేయండి. నెట్ ఇంకా రాకపోతే మాత్రం ఈ దారి చాలా నెమ్మది. అప్పుడు హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ వేయాలి. లాయర్ గారి దగ్గరికి ఆ నోట్‌బుక్, ఎస్ఎంఎస్ స్క్రీన్‌షాట్ పట్టుకెళ్లండి.

ఈలోగా రోజులు గడవాలి కదా. కాల్స్ కలుస్తుంటే *99# నొక్కి 5,000 రూపాయల దాకా పంపవచ్చు, నెట్ అక్కర్లేదు. బ్యాంకులో ఇచ్చిన నంబరు, యూపీఐ పిన్ ఉంటే చాలు. గొడవలు లేనప్పుడే ఒకసారి చేసి చూసుకోండి. మామ్మగారికి కువైట్ నంబరు అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసిచ్చాను. మామూలు ఐఎస్‌డీ కాల్ చేయడమూ నేర్పాను. నిమిషానికి ఎంతవుతుందో విని ఆవిడ గుండె పట్టుకున్నారు గానీ, అమ్మాయి గొంతు మాత్రం విన్నారు.