కొండ అడవిని చదవడం – 4వ పాఠం: పక్షి వాలిందని చెట్టును నమ్మొద్దు

పోయినసారి అమానీ అడవి ఫొటో ఇచ్చి, అక్కడే పుట్టిన చెట్లేవో గుర్తించమన్నాను. చాలామంది ఒకే చోట తడబడ్డారు. పెద్ద ముక్కుండే హార్న్‌బిల్ పక్షులు వాలిన పెద్ద చెట్టును చూపించి 'ఇదే అసలు అడవి చెట్టు' అని రాశారు. ముందే హెచ్చరించాల్సింది. అందుకే ఊసరవెల్లుల పాఠం వెనక్కి జరిపాను.

అమానీ టాంజానియాలో, తూర్పు ఉసాంబరా కొండల మీద ఉంది. 1902లో జర్మన్లు అక్కడ పరిశోధన తోట పెట్టారు. మీరు చూపించిన మేసాప్సిస్ ఆ తర్వాత తెచ్చి నాటిన చెట్టు. దాని పుట్టిల్లు ఉగాండా, కాంగో వైపు. కలప కోసం పెద్ద చెట్లు కొట్టేసిన చోటల్లా నేల మీద ఎండ పడింది, ఇది ఎగబాకింది. దీని పండంటే హార్న్‌బిల్‌కి ప్రాణం. కండ తిని, గింజను ఎక్కడో దూరాన కక్కేస్తుంది. అంటే ఆ పక్షి అక్కడిదే, కానీ అది మోసేది పరాయి చెట్టు గింజని. పక్షి ఆకలికి చెట్టు పుట్టిల్లు ఎక్కడైతేనేం?

ఆకును దగ్గరగా చూడండి: నున్నగా మెరుస్తుంది, అంచున పళ్లుంటాయి. నేనైతే ముందు బెరడు చూస్తాను: లేత బూడిద రంగు, నిలువునా లోతైన చాళ్లు.

అక్కడి యాలకుల తోట ఇంకా ఎక్కువ మోసం చేస్తుంది. మన పశ్చిమ కనుమల మొక్కే అది. నీడకు పెద్ద చెట్లు ఉంచి, కింద తుప్పలన్నీ నరికి నాటుతారు. పైనుంచి చూస్తే అడవే. వంగి చూస్తే ఆ పెద్ద చెట్ల పిల్లమొక్కలు కనిపించవు. దయచేసి నేలను కూడా ఫొటో తీయండి.

మరి అక్కడిదేది? కుండీల్లో పెంచుకునే ఆఫ్రికన్ వయొలెట్. ఈ కొండల్లో నీడన, తడి రాళ్లను పట్టుకుని పెరుగుతుంది. గింజల్లో నూనె ఉండే అలన్‌బ్లాకియా చెట్టు కూడా.

ఊసరవెల్లి గురించి ఇప్పటికి ఒక్క మాట: రాత్రి టార్చి వేసి కొమ్మల చివర్లు చూడాలి. నిద్రలో దాని రంగు పాలిపోయి, ఆకుల మధ్య తెల్లగా తేలుతుంది.

సాధన: మీ దగ్గర ఒక పండ్ల చెట్టును ఎంచుకుని నాలుగు వారాలు, రోజూ పొద్దున అరగంట చూడండి. ఏ పక్షి తింది, గింజ మింగిందా, పడేసిందా, ఎటు ఎగిరింది, అన్నీ రాయండి. తర్వాత ఆ దిక్కుకు నడిచి మొలకలు లెక్కపెట్టండి. చెట్టు కిందే మొలిచినవి లెక్కలోకి రావు.