మొదటి బండి: నడిపే ముందు నెట్టి చూడండి

నా మొదటి బండి కొన్నప్పుడు నేను చూసినవి రెండే: ఎన్ని సీసీలు, ట్యాంకు ఎంత బలిష్ఠంగా కనిపిస్తోంది. బరువు 196 కిలోలని కాగితంలో రాసే ఉంది, నేనే చదవలేదు. వారం తిరక్కుండా పడ్డాను. వేగంలోనో మలుపులోనో పడినా చెప్పుకోవడానికి బాగుండేది. సిగ్నల్ దగ్గర ఆగి ఎడమ కాలు కింద పెట్టబోతే అక్కడ రోడ్డు నాలుగు వేళ్ళంత పల్లంగా ఉంది. బండి మెల్లగా వాలింది. వాలుతున్నంతసేపూ తెలుస్తూనే ఉంది, ఆపడం మాత్రం నా వల్ల కాలేదు. వెనకాయన దిగొచ్చి ఒక చెయ్యి వేస్తే గానీ లేవలేదు. క్లచ్ లివర్ కొస విరిగింది. పరువు సంగతి వేరే చెప్పాలా!

అందుకే ఏ బండి కొనమంటావని ఎవరైనా అడిగితే నేను పేరు చెప్పను. ముందు వెళ్ళి ఎక్కి కూర్చోమంటాను, అదీ రోజూ వేసుకునే షూలతోనే. రెండు కాళ్ళూ దించితే పాదం ముందు భాగమంతా నేలకు ఆనాలి. మడమలు కాస్త లేచినా ఫరవాలేదు. మునివేళ్ళ మీద నిలబడాల్సి వస్తే మాత్రం, ఎంత నచ్చినా ఇప్పటికి వద్దు. సీటు ఎత్తు 780, 800, 830 అని మిల్లీమీటర్లలో ఇస్తారు గానీ ఆ అంకె ఒక్కదాన్నే నమ్మకండి. సీటు ముందు వైపు వెడల్పుగా ఉంటే తొడలు విచ్చుకుని కాలు అందదు. అదే ఎత్తులో సన్నటి సీటైతే హాయిగా అందుతుంది.

తర్వాత దిగండి. స్టాండ్ తీసి, పక్కన నిలబడి పది అడుగులు ముందుకి, పది అడుగులు వెనక్కి నెట్టండి. పార్కింగ్‌లో రోజూ చేసేది ఇదే. ఇక్కడే చేతులు వణికితే రేపు ఎత్తుపల్లాల్లో ఇంకా కష్టం. కర్బ్ వెయిట్ అంటే పెట్రోలు, ఆయిలూ పోశాక ఉండే బరువు. కొందరు పెట్రోలు లేని బరువు చెబుతారు, అడిగి తెలుసుకోండి. 15 లీటర్ల పెట్రోలు దాదాపు 11 కిలోలు, అదంతా పైన ట్యాంకులో ఉంటుంది కాబట్టి బండి వాలినప్పుడు ఇంకా ఎక్కువనిపిస్తుంది. నా మటుకు నాకు కొత్తవాళ్ళకి 150 కిలోల లోపు బండే సరైనది.

సీసీల గురించి గంటలు గంటలు వాదించుకుంటారు. నేర్చుకునేవాళ్ళకి 100 నుంచి 160 చాలు, హైవే మీద ఎక్కువ తిరిగేవాళ్ళయితే 200 దాకా చూడొచ్చు. అంతకంటే ముఖ్యం, తక్కువ వేగంలో ఇంజను ఎలా ప్రవర్తిస్తుందన్నది. చదును నేల మీద మొదటి గేరు వేసి, యాక్సిలరేటర్ ముట్టకుండా క్లచ్ మెల్లగా వదలండి. బండి ఎగరకుండా, ఆగిపోకుండా దానంతటదే కదిలితే మీకు నేర్పే బండి దొరికినట్టే. క్లచ్ గట్టిగా ఉంటే ట్రాఫిక్‌లో అరగంటకే అరచెయ్యి పీకుతుంది, అదీ చూసుకోండి.

ఏబీఎస్, అంటే బ్రేక్ గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు, దాని దగ్గర మాత్రం బేరం లేదు. కుక్క అడ్డం వస్తే కొత్తవాళ్ళు చేసే మొదటి పని ముందు బ్రేక్ గుప్పెట్లో పిసికేయడం. చక్రం బిగుసుకుపోతే ఇక హ్యాండిల్ మన మాట వినదు. 1988లో బీఎండబ్ల్యూ కె100తో మోటార్‌సైకిళ్ళకి వచ్చిన ఈ సదుపాయం ఇప్పుడు చిన్న బండ్లలోనూ ఉంది. కనీసం ముందు చక్రానికైనా ఉండాలి. ఇక రంగు, స్టిక్కర్లు మీ ఇష్టం. హెల్మెట్‌కీ, గ్లవ్స్‌కీ, జాకెట్‌కీ డబ్బు తీసి పక్కన పెట్టాకే మిగిలింది బండి బడ్జెట్ అనుకోండి.

నన్నడిగితే మొదటిది సెకండ్ హ్యాండే మేలు, ఎలాగూ ఒకసారి పడేస్తారు. అయితే పగలే చూడండి. లివర్ల కొసలు, ఫుట్‌రెస్ట్‌ల అంచులు గీసుకుపోయి ఉంటే అంతకుముందు ఎవరో పడేశారన్నమాట. అదేం నేరం కాదు, కానీ హ్యాండిల్ తిన్నగా ఉందో లేదో చూడాలి. ముందు షాక్ రాడ్ల మీద ఆయిల్ జిడ్డుంటే సీళ్ళు పోయినట్టు. చైన్ స్ప్రాకెట్ పళ్ళు ఒక వైపుకి కొక్కేల్లా వంగితే మార్చే ఖర్చు మీదే. టైరు పక్కన చివర నాలుగంకెలు 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారైందని అర్థం. గాట్లు లోతుగానే ఉన్నా, అంత పాత రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద జారుతుంది. సైలెన్సర్ నుంచి నీలం పొగ ఆగకుండా వస్తే ఇంజను ఆయిల్ తాగుతోంది. ఛాసిస్, ఇంజను నంబర్లు కాగితాలతో సరిపోకపోతే మాట్లాడకుండా వచ్చేయండి.

అన్నిటికంటే ముందు, స్టార్ట్ చేయకమునుపే ఇంజను మీద చెయ్యి పెట్టండి. చాలా జాగ్రత్త, కాలొచ్చు. వేడిగా ఉందంటే మీరొచ్చే ముందే అమ్మే ఆయన స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. చల్లారేదాకా కబుర్లు చెబుతూ కూర్చోండి. రెండో బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు నేను అలాగే గంటసేపు కూర్చున్నాను. ఆయన మూడుసార్లు టైం చూసుకున్నాడు. చల్లారాక సెల్ఫ్ ఎన్నిసార్లు నొక్కినా అది స్టార్ట్ కాలేదు.