పురుగును వెల్లకిలా తిప్పి చూడండి

పాకాల దగ్గర మా ఇంటి వెనుక ఒక జామ చెట్టు ఉంది. కొన్నేళ్ళ క్రితం దానికి పిండినల్లి పట్టింది. ఆకుల అడుగున, కాయల తొడిమల దగ్గర దూది అంటించినట్టు ఉండేది. మూడు నాలుగు వారాలకు ఆ తెలుపు మధ్య ఇంకొంచెం పెద్దవి, ఒంటి నిండా మైనం పోగులు వేలాడుతున్నవి కనిపించాయి. మా నాన్న రెండు రెమ్మలు తుంచి ఒక పురుగుమందుల దుకాణంలో చూపించారు. నల్లి ముదిరిందని చెప్పి ఘాటైన మందు ఇచ్చారు. తెచ్చి కొట్టాము. మర్నాడు చెట్టు కింద రాలిన ఆ పెద్ద తెల్ల పురుగును తీసి, వెల్లకిలా తిప్పి, భూతద్దం పెట్టి చూశాను. దానికి దవడలున్నాయి. వక్షం కింద ఆరు పొడవాటి కాళ్ళున్నాయి. పిండినల్లికి దవడలుండవు, రసం పీల్చే సన్నటి సూది మాత్రమే ఉంటుంది. మేము చంపింది పిండినల్లిని తిని బతికే క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్లలను. ఆస్ట్రేలియాకు చెందిన ఈ జాతిని 1898లో మన దేశానికి తెచ్చింది ఇలాంటి పీడలను తినడానికే. దాని పిల్ల తన ఆహారంలాగే తెల్ల మైనం కప్పుకుని తిరుగుతుంది. పైనుంచి చూస్తే రెండూ ఒకటే.

ఆ రోజు నుంచి నేను జీవశాస్త్రం చెప్పే పిల్లలకు మొదటి పాఠంగా ఇదే నేర్పుతున్నాను. రంగు చూడకండి, పరిమాణం చూడకండి, పేరు కూడా నమ్మకండి. కాళ్ళు, మీసాలు, నోరు, రెక్కలు, పాదాలు, ఇవి ఏం చెబుతాయో వినండి.

సామగ్రికి పెద్ద ఖర్చు లేదు. కంసాలులు వాడే పదింతల భూతద్దం ఒకటి, తెల్ల పింగాణీ సాసరు, రెండు చీపురు పుల్లలు, మూత ఉన్న చిన్న సీసా చాలు. పురుగు నిలవకుండా పరుగెడుతుంటే సీసాతో సహా ఫ్రిజ్‌లో పది నిమిషాలు ఉంచండి. చలికి మందగిస్తుంది. బయట పెట్టిన కాసేపటికి మళ్ళీ కదులుతుంది కాబట్టి, ఆ కొద్ది సమయంలోనే చూడవలసింది చూసేయాలి. భూతద్దాన్ని కంటికి ఆనించి, పురుగునే దగ్గరకు తెచ్చుకోండి. కొత్తవాళ్ళు అద్దాన్ని పురుగు మీద పెట్టి దూరం నుంచి చూస్తారు, ఏమీ కనిపించదు.

ముందు కాళ్ళు లెక్కపెట్టండి. తెలుగులో పురుగు అన్న మాట చాలా పెద్ద సంచి. అందులో చీమ ఉంది, తేలు ఉంది, వానపాము ఉంది. మా వైపు రాత్రిపూట పాము పేరెత్తకుండా దాన్ని కూడా పురుగనే అంటారు. కీటకం అన్న మాటకు మాత్రం హద్దు ఉంది: మూడు జతల కాళ్ళు, ఒక జత మీసాలు, తల, వక్షం, ఉదరం అని మూడు భాగాల ఒళ్ళు. మీసాలనే పాఠ్యపుస్తకాల్లో స్పర్శశృంగాలు అంటారు. ఎనిమిది కాళ్ళుండి మీసాలు లేకపోతే సాలెపురుగు, తేలు, ఎర్రనల్లి తరగతి. శ్రీకాళహస్తి పేరులోని ‘శ్రీ’ సాలెపురుగే కదా, మా పిల్లలకు ఈ తరగతి అలా గుర్తుంటుంది. ఒంటి ఖండానికి ఒక జత కాళ్ళుంటే జెర్రి, రెండేసి జతలుంటే రోకలిబండ. పెద్ద జెర్రికి ఉండే కాళ్ళ జతలు ఎప్పుడూ బేసి సంఖ్యే, అందువల్ల సరిగ్గా వంద కాళ్ళున్న జెర్రి మీకు దొరకదు. రెండు జతల మీసాలుంటే రొయ్య, పీతల వర్గం. తడి మట్టిలో తాకగానే ఉండలా చుట్టుకునే బూడిదరంగు జీవికి ఏడు జతల కాళ్ళుంటాయి. అది కూడా రొయ్య చుట్టమే.

ఇక్కడ పేర్లు చేసే మోసం చూడండి. మంచం నల్లి, పిండినల్లి, ఎర్రనల్లి, మూడూ నల్లులే. మొదటి రెండింటికీ ఆరు కాళ్ళు, అవి కీటకాలు. ఎర్రనల్లికి ఎనిమిది. దాని మీద చాలా కీటకనాశనులు పనిచేయవు, పైగా దాన్ని తినే మిత్రజీవులు చచ్చి అది ఇంకా పెరుగుతుంది. నీటిలో కరిగే గంధకం లాంటి వేరే మందు కావాలి. కాళ్ళు లెక్కపెట్టకపోతే డబ్బు, పంట రెండూ పోతాయి.

ఆరుద్ర పురుగూ ఈ ఎనిమిది కాళ్ళ గుంపుదే. జూన్ చివర ఆరుద్ర కార్తెలో తొలి వానకు ఎర్ర మఖమలు ముక్కలా నేల మీద నడుస్తుంది. మా తరగతిలో ఒక అమ్మాయి దాన్ని చూసి, “మేడమ్, దీనికి ఆరు కాళ్ళు, రెండు మీసాలు, కీటకమే” అంది. ఇద్దరం వంగి చూశాం. అది ముందు జత కాళ్ళను గాలిలో ఎత్తి తడుముకుంటూ నడుస్తోంది. ఆ అమ్మాయి మీసాలనుకున్నవి ఆ కాళ్ళే. మీసం తల నుంచి మొలుస్తుంది, కాలికి కీళ్ళుండి చివర గోళ్ళుంటాయి. అనుమానం వచ్చినప్పుడు మొదలు ఎక్కడుందో వెతకండి. ఇంకో జాగ్రత్త: గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన ఎర్రనల్లి, ఆరుద్ర పురుగు పిల్లలకు ఆరు కాళ్ళే ఉంటాయి. అప్పుడు మీసాలు లేకపోవడమే సాక్ష్యం.

కీటకమని తేలాక వీపు చూడండి. పెంకు పురుగులకు ముందు రెక్కలు గట్టి పెంకులుగా మారి వీపు నడుమ తిన్నగా ఒకే గీత మీద కలుస్తాయి. ఇప్పటికి పేరు పెట్టిన జాతులే నాలుగు లక్షలకు దగ్గరగా ఉన్న ఈ క్రమానికి కొలియాప్టెరా అని పేరు. గ్రీకులో ఒర రెక్కలని అర్థం. కొబ్బరి చెట్ల కొమ్ము పురుగు దొరికితే చీపురు పుల్లతో ఒక పెంకును మెల్లగా ఎత్తండి. కింద తేనె రంగు పలుచని రెక్క రెండు మడతలు పడి ఉంటుంది. విప్పితే పెంకు కంటే ఎంతో పొడవు. ఇది చూపినప్పుడు తరగతి గదిలో వచ్చే నిశ్శబ్దం నాకు చాలా ఇష్టం.

వీపు మీద తిన్నటి గీతకు బదులు ఇంటూ గుర్తులా రెక్కలు ఒకదానిపై ఒకటి పడి, వాటి చివర సగం పొరలా పలుచగా ఉంటే అది రసం పీల్చే ఆరు కాళ్ళ నల్లుల వర్గం. తిప్పి చూస్తే గడ్డం కింద సూది ముడిచి ఉంటుంది. వీపు మీద అసలు గీతే లేకుండా ఆకుపచ్చగా తళతళలాడే పురుగు ఒకటుంది, చూసినవారందరూ పెంకు పురుగనే అంటారు. దాని వీపంతా కప్పింది రెక్క కాదు, వక్షం నుంచి వెనక్కి పెరిగిన పలక. తిప్పండి, సూది కనిపిస్తుంది. బొద్దింక రెక్కలు కూడా ఒకదానిపై ఒకటి పడతాయి, తోక దగ్గర రెండు చిన్న కొమ్ములుంటాయి.

వానాకాలం రాత్రి లైటు దగ్గరకు చీమలా సన్నగా, నారింజ, నలుపు పట్టీలతో ఒక పురుగు వస్తుంది. పెంకులు పొట్టిగా చొక్కాలా వక్షం దాటగానే ఆగిపోతాయి, ఉదరం బయటే ఉంటుంది. అయినా అది పెంకు పురుగే. మెడ మీద వాలితే నలపకండి, ఊదేయండి. నలిపితే దాని ఒంటిలోని రసం చర్మాన్ని కాల్చినట్టు చేస్తుంది. కంది, బెండ పూలు తినే నలుపు, నారింజ చారల పురుగును కూడా చేత్తో పట్టవద్దు, బొబ్బలు లేస్తాయి.

పెంకు పురుగుల్లో కుటుంబాన్ని చెప్పేది మీసం. చివర విసనకర్రలా రేకులు విచ్చుకుంటే పేడపురుగు, కొమ్ము పురుగుల కుటుంబం. మోచేయిలా వంగి ముక్కు మీద నుంచి మొలిస్తే ముక్కు పురుగు. ఒంటికంటే పొడవైతే మామిడి కాండం తొలిచే పురుగు కుటుంబం. రంపపు పళ్ళలా ఉంటే మెరుపు రెక్కల బంగారు పురుగు కావచ్చు. చివర చిన్న గదలా ఉబ్బి, ఒళ్ళు గుండ్రంగా ఉంటే అక్షింతల పురుగు.

మీసంతో తేలకపోతే పాదం. కాలి చివర గోళ్ళకు ముందుండే చిన్న ఖండాలను ముందు, నడిమి, వెనుక కాళ్ళకు వరుసగా లెక్కపెట్టాలి. కొమ్ము పురుగుకు 5-5-5. రాగి పిండిలో తిరిగే ఎర్రటి పురుగుకు 5-5-4. కాండం తొలిచే పురుగుకు 4-4-4 అనిపిస్తుంది కానీ నిజానికి ఐదు, నాలుగోది మూడోదాని రెండు తమ్మెల మధ్య దాక్కుని ఉంటుంది. అక్షింతల పురుగుకూ అంతే, మూడని కనిపించేవి నాలుగు. ఇది ఓపిక పని. పదింతల అద్దంతో కొమ్ము పురుగు దగ్గర మొదలుపెట్టండి, చిన్నవాటి జోలికి తర్వాత వెళ్ళవచ్చు.

పొట్ట కింద ఒక గుర్తు మాత్రం నాకు అన్నిటికంటే అందంగా అనిపిస్తుంది. రాళ్ళ కింద పరుగెత్తే నల్లటి వేట పురుగును, వీపు మీద ఆరు తెల్ల చుక్కలుండేదాన్ని, సీసాలోనే తిప్పండి. ముఖం దగ్గర పెట్టుకోవద్దు, ఆమ్లం చిమ్ముతుంది. దాని వెనుక కాళ్ళ మొదళ్ళు కదలకుండా అతుక్కుని, ఉదరం మొదటి పలకను దాటి వెళ్ళి దాన్ని రెండు ముక్కలుగా విడదీస్తాయి. పేడపురుగులో ఆ పలక ముక్కలు కాదు. పెంకు పురుగుల్లో రెండు పెద్ద ఉపక్రమాలను విడదీసేది ఈ చిన్న గీతే.

పిల్ల పురుగులకు ఇవేవీ పనికిరావు. వాటికి కాళ్ళే చూడాలి. వేరుశనగ పొలాల్లో దొరికే తెల్లటి వేరు పురుగు వంకర తిరిగి ఉంటుంది, గోధుమరంగు తల, ముందు భాగంలో ఆరు కాళ్ళు. ఇది విసనకర్ర మీసాల కుటుంబం. తొలి వానల తర్వాత సాయంత్రాలు దీని పెద్ద పురుగులే వేప, రేగు చెట్ల మీద గుంపుగా చేరతాయి. ఈ సంబంధం తెలిసిన రైతు ఆ రాత్రులే కొమ్మలు దులిపి ఏరేస్తాడు. మామిడి టెంకలోని పురుగుకు కాళ్ళే ఉండవు, తల మాత్రం స్పష్టంగా ఉంటుంది. కాళ్ళూ తలా రెండూ కనిపించకపోతే ఈగ పిల్ల. పొట్ట కింద అదనంగా మెత్తటి కాళ్ళ జతలుంటే సీతాకోకచిలుక వర్గపు పిల్ల.

సాధన వంటింట్లోనే మొదలుపెట్టవచ్చు. పాత బియ్యం డబ్బాలో ముక్కు పురుగు, రాగి పిండిలో ఎర్ర పురుగు దొరుకుతాయి. రెండూ మూడు మిల్లీమీటర్ల చిల్లరవి. సాసరులో పక్కపక్కన పెట్టి ముక్కు, మీసం తేడా చూడండి. శేషాచలం అడవిలో, శ్రీవేంకటేశ్వర జాతీయ ఉద్యానంలో మాత్రం ఏదీ పట్టకండి, సీసాలోకి ఎత్తకండి. అక్కడ కళ్ళతో, ఫోను కెమెరాతో సరిపెట్టుకోవాలి.

చూసిన ప్రతిదానికి ఒక కాగితం రాయండి. మా పిల్లల పుస్తకంలో నిన్నటి పేజీ ఇలా ఉంది: ‘బడి గోడ పక్క వేపచెట్టు, రాత్రి ఏడున్నర, వాన తగ్గాక. ఆరు కాళ్ళు. వీపు మీద ఒకే గీత. మీసం చివర మూడు రేకులు. పాదాలు 5-5-5. పొట్ట పలక ముక్కలు కాలేదు. చూసి వదిలేశాము.’